తోటలో గుచ్చే చిన్న చెక్క పేరుపలకలకు ఏ పారదర్శకమైన పూత ఎక్కువ కాలం నిలుస్తుంది?

ప్రశ్న — పెరటిమొక్క

నమస్కారం. కుండీలలోనూ మడులలోనూ పెంచుతున్న మొక్కల పేర్లు మరిచిపోకుండా ఉండడానికి చెక్కతో చిన్న పేరుపలకలు చేసుకుంటున్నాను. ఒక్కొక్క పలక దాదాపు 15 సెంటీమీటర్ల పొడవు, 2.5 సెంటీమీటర్ల వెడల్పు, 5 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. కింది చివర మొన చెక్కి, మూడో వంతు వరకు మట్టిలోకి గుచ్చుతాను. పోయిన సారి పేర్లను నల్ల పర్మనెంట్ మార్కరుతో రాసి, ఇంట్లో బల్లకు వేయగా మిగిలిన పాలీయురథేన్ వార్నిష్‌ను వాటిపై రెండు కోట్లు వేశాను.

మొదటి నెల రోజులు పలకలు అద్దంలా మెరిశాయి. వానలు మొదలైన తరువాత అంచుల దగ్గర పూత తెల్లబారి, ఉల్లిపొర లాగా లేచి వచ్చింది. దాని కింద చెక్క మచ్చలు మచ్చలుగా నల్లబడింది. మట్టిలో ఉన్న భాగమైతే గోటితో గీరితే ఊడివచ్చేంత మెత్తబడిపోయింది. ఇక అక్షరాల సంగతి చెప్పనక్కరలేదు: కొన్ని వార్నిష్ వేసేటప్పుడే కుంచెకు అంటుకుని చెదిరాయి, మిగిలినవి ఎండకు ఊదారంగుకు తిరిగి క్రమంగా కనిపించకుండా పోయాయి.

ఇప్పుడు మరో 60 పలకలు చేయవలసి ఉంది. చెక్క సహజమైన రంగు కనిపించాలన్నది నా కోరిక కాబట్టి రంగు వేయడం నాకు ఇష్టం లేదు. ఎండకూ వానకూ కనీసం రెండు మూడేళ్లు తట్టుకునే పారదర్శకమైన పూత ఏదైనా ఉందా, ఉంటే ఎన్ని కోట్లు వేయాలి, మట్టిలోకి వెళ్లే భాగానికి కూడా అదే వేయవచ్చా, అక్షరాలను పూతకు ముందు రాయాలా తరువాత రాయాలా అన్నవి నా సందేహాలు. అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

జవాబు — చేవచెక్క

పెరటిమొక్క గారూ, మీ పలకలకు పట్టినవి ఒకదానితో ఒకటి సంబంధం లేని మూడు జబ్బులు. పూత లేచిపోవడం ఒకటి, మట్టిలోని భాగం కుళ్లిపోవడం రెండవది, అక్షరాలు వెలిసిపోవడం మూడవది. ఈ మూడింటికీ ఒకే డబ్బాలో మందు దొరుకుతుందని అనుకోవడం వల్లనే చాలామంది నిరాశపడతారు. అక్షరాల విషయం నాకంటే బాగా తెలిసినవారు ఇక్కడ ఉన్నారు కాబట్టి మొదటి రెండింటి గురించి మాత్రమే చెబుతాను.

ఇంటి లోపలి సామానుకు వేసే పాలీయురథేన్ గట్టిగా ఉండేలా తయారవుతుంది, ఎందుకంటే బల్ల మీద గీతలు పడకూడదు. ఆ గట్టిదనమే ఆరుబయట శత్రువవుతుంది. చెక్క తడిస్తే వెడల్పులో ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. దానితో పాటు సాగలేని పొర ఎక్కడో ఒకచోట, చాలావరకు అంచుల దగ్గర, సన్నగా పగులుతుంది. ఆ పగులు గుండా లోపలికి వెళ్లిన నీరు పొర కింద చిక్కుకుని బయటకు రాలేదు. మీరు చూసిన నల్ల మచ్చలు అలా నిలిచిపోయిన తేమలో పెరిగిన బూజువే.

ఎండ పని ఇంకొక విధంగా సాగుతుంది. పారదర్శకమైన పూత అంటే వెలుగును లోపలికి పోనిచ్చేదనే కదా. ఆ వెలుగుతో పాటు అతినీలలోహిత కిరణాలు కూడా చెక్క దాకా వెళ్లి, చెక్క నారలను జిగురులా పట్టి ఉంచే లిగ్నిన్ అనే పదార్థాన్ని విడగొడతాయి. అప్పుడు పూత బాగానే ఉన్నా అది పట్టుకుని ఉన్న పైపొర పొడిపొడిగా మారిపోతుంది కాబట్టి, గోడ సున్నం పెళ్లలుగా రాలినట్టు వార్నిష్ రేకులుగా ఊడుతుంది. కాబట్టి ఆరుబయటికి కొనే పారదర్శకమైన పూతలో రెండు గుణాలు తప్పనిసరిగా చూడాలి: చెక్కతో పాటు సాగే మెత్తదనం, అతినీలలోహిత కిరణాలను తనలోనే పీల్చుకునే పదార్థాలు కలిసి ఉండడం.

ఈ రెండూ ఉన్నది స్పార్ వార్నిష్. తెరచాప ఓడల కొయ్యలను ఆంగ్లంలో స్పార్‌లు అంటారు. గాలికి వంగే ఆ కొయ్యల మీద పగలకుండా ఉండాలని, గట్టిదనం ఇచ్చే రెసిన్ అనే బంక పదార్థం పాలు తగ్గించి నూనె పాలు పెంచి తయారు చేసిన వార్నిష్ కాబట్టి దానికి ఆ పేరు వచ్చింది. మెరైన్ వార్నిష్ అన్న పేరుతో అమ్మేవాటిలో చాలావరకు ఈ జాతివే, కానీ పేరును మాత్రమే నమ్మకండి. ఆరుబయట వాడకానికి అనీ, అతినీలలోహిత కిరణాల నుంచి రక్షణ ఉందనీ డబ్బా మీద స్పష్టంగా రాసి ఉన్నదే తీసుకోండి. ఈ రక్షణ పదార్థాలు కూడా కాలక్రమాన ఖర్చయిపోతాయి. అందువల్ల ఒక్కసారి వేసి మరిచిపోగల పారదర్శకమైన పూత ఏదీ లేదు. మూడేళ్లు నిలవాలంటే మధ్యలో ఒకటి రెండు సార్లు పైకోటు వేయవలసిందే.

ఇక మట్టిలోని భాగం. ఇక్కడ నిష్ఠూరంగానే చెబుతున్నాను: ఏ పారదర్శకమైన పూతా ఆ భాగాన్ని రెండు మూడేళ్లు కాపాడలేదు. చెక్కను కుళ్లబెట్టే శిలీంధ్రాలకు నీరూ గాలీ రెండూ కావాలి. చెక్కలో తేమ దాదాపు 20 శాతం లోపు ఉన్నంత కాలం అవి పెరగలేవు, కానీ రోజూ నీళ్లు పోసే మడిలో అది ఎంతమాత్రం సాధ్యం కాదు. నేల మట్టానికి కాస్త పైనా కాస్త కిందా ఉండే చోట నీరూ గాలీ సమృద్ధిగా దొరుకుతాయి. గుంజలన్నీ సరిగ్గా అక్కడే విరగడానికి కారణం ఇదే. పైగా మట్టిలోకి గుచ్చిన ప్రతిసారీ ఇసుక రేణువులు పూతను గీరేస్తాయి. కాబట్టి ఆ భాగంలో చెక్కను నమ్ముకుంటే చేవ ఉన్న చెక్కనే నమ్ముకోవాలి, లేదా చెక్కను మట్టికి తగలనివ్వకూడదు.

వేసే పద్ధతి గురించి కొంత చెప్పాలి, ఎందుకంటే డబ్బా ఎంపిక కంటే ఇదే ఎక్కువ తేడా తెస్తుంది. ముందుగా పలక అంచులన్నింటినీ గరుకు కాగితంతో గుండ్రంగా చేయండి. పదునైన అంచు మీద తడి వార్నిష్ నిలవకుండా ఇరువైపులకూ జారిపోతుంది కాబట్టి ఆరిన తరువాత అక్కడ పొర చాలా పలుచగా ఉంటుంది, పగులు అక్కడే పుడుతుంది. మీ పలకల పూత అంచుల నుంచే లేచిందని మీరే రాశారు. తరువాత అడ్డుకోత ముఖాలను, అంటే పలక పై చివరనూ కింది మొననూ, ప్రత్యేకంగా చూసుకోవాలి. చెక్క అంటే పక్కపక్కన పేర్చిన సన్నని గొట్టాల కట్ట అనుకుంటే, అడ్డుకోతలో ఆ గొట్టాల నోళ్లన్నీ తెరుచుకుని ఉంటాయి. పక్క ముఖాల కంటే అక్కడ నీరు ఎన్నో రెట్లు వేగంగా లోపలికి పోతుంది. సగానికి సగం థిన్నర్ కలిపిన వార్నిష్‌ను ఒక సీసాలో పోసి, పలకల చివరలను అందులో కొన్ని నిమిషాలు నానబెట్టండి. ఇక చాలన్నంత వరకు చెక్క దానిని తాగనివ్వండి.

ఆ తరువాత పలక మొత్తానికీ అదే పలుచని వార్నిష్ ఒక కోటు, దాని మీద డబ్బాలో ఉన్న చిక్కదనంతోనే మూడు లేక నాలుగు కోట్లు వేయండి. ఒక్కొక్క కోటుకూ మధ్య డబ్బా మీద చెప్పినంత వ్యవధి, సాధారణంగా ఒక రోజు, ఇచ్చి 320 నంబరు కాగితంతో తేలికగా రుద్ది దుమ్ము తుడవండి. రెండు మందపాటి కోట్ల కంటే అయిదు పలుచని కోట్లు ఎప్పుడూ మేలు. చేతికి అంటకపోవడం వేరు, లోపలి దాకా గట్టిపడడం వేరు అన్న సంగతి కూడా గుర్తుంచుకోండి. నూనె వార్నిష్ పూర్తిగా గట్టిపడడానికి రెండు వారాలకు పైగా పడుతుంది కాబట్టి చివరి కోటు వేసిన మర్నాడే తడి మట్టిలో గుచ్చకండి.

జవాబు — నారుమడి

చేవచెక్క గారు వదిలిపెట్టిన అక్షరాల సంగతి నేను అందుకుంటాను. పేరుపలక పని పేరు చెప్పడం. చెక్క కుళ్లకుండా ఉండి పేరు చెరిగిపోతే అది వట్టి పుల్ల.

పర్మనెంట్ మార్కర్ అన్న పేరు కొంత మోసపూరితమైనది. నీటికి కరగదన్న అర్థంలోనే అది శాశ్వతం, ఎండకు కాదు. మామూలు మార్కర్లలో రంగు కరిగిన అద్దకం రూపంలో ఉంటుంది, ఎండ దానిని సులువుగా విరగ్గొడుతుంది. చాలా నల్ల మార్కర్ల రంగు అనేక అద్దకాల కలయిక కాబట్టి వాటిలో త్వరగా చెడేవి ముందు పోయి, మిగిలినవి ఊదాగానో గోధుమ రంగుగానో కనిపిస్తాయి. మీరు చూసిన ఊదారంగు అదే. దీనికి భిన్నంగా కర్బనంతో చేసిన నలుపు ఎండకు చలించదు. పెన్సిల్ ములుకులోని గ్రాఫైటు కర్బనమే, మసితో తయారయ్యే నల్ల సిరాలోనిదీ కర్బనమే. రాయడానికి ఇంత ఖరీదైన కలాలున్నా తోటపనిలో చివరికి నెగ్గేది చిన్న పెన్సిల్ ముక్కే అన్నది నాకు ఇప్పటికీ నవ్వు తెప్పించే నిజం.

2బి లేదా 4బి పెన్సిల్‌తో ఏ పూతా లేని చెక్క మీద గట్టిగా నొక్కి రాయండి. గ్రాఫైటుతో పాటు చెక్కలో సన్నని గాడి కూడా పడుతుంది కాబట్టి, రంగు మసకబారినా గాడిని బట్టి పేరు చదవవచ్చు. పూత కుంచెకు అది కరిగిపోదు, మహా అయితే కొంచెం పొడి లేస్తుంది. దూరం నుంచి కనిపించాలంటే మాత్రం పెన్సిల్ చాలదు. అప్పుడు వర్ణకం, అంటే కరగని రంగుపొడి, ఉన్న పెయింట్ మార్కర్‌నో, మసి సిరానో వాడాలి. వాటితో పూత వేయని చెక్క మీద రాస్తే నారల వెంట సిరా పాకి అక్షరాలకు మీసాలు మొలుస్తాయి. కాబట్టి ముందు పలుచని కోటు ఒకటి వేసి, ఆరిన తరువాత తేలికగా రుద్ది, దాని మీద రాసి, ఒక రోజంతా ఆగి, అప్పుడు మిగిలిన కోట్లు వేయడం సరైన వరుస.

పూతకూ సిరాకూ పొత్తు కుదురుతుందో లేదో ముందే చూసుకోవాలి. నీటి ఆధారిత ఎక్రిలిక్ వార్నిష్ నీటికి కరిగే సిరాను చెరుపుతుంది; స్పిరిట్ ఉన్న పూత పర్మనెంట్ మార్కర్‌ను కరిగిస్తుంది. ఏది కలిపినా అక్షరాల మీద వేసే మొదటి కోటును కుంచెతో అటూ ఇటూ రుద్దకుండా, ఒక్క దిశలో ఒక్కసారి లాగి వదిలేయాలి. పనికిరాని చెక్కముక్క మీద అదే సిరాతో నాలుగు అక్షరాలు రాసి అదే పూత వేసి చూస్తే అరగంటలో తెలిసిపోతుంది. 60 పలకలు పాడు చేసుకుని తెలుసుకోవడం కంటే అది చాలా సుఖం.

కాల్చి రాసే పరికరం మీ దగ్గర ఉంటే దాని కంటే మన్నికైనది లేదు, కానీ ఒక షరతు ఉంది. పైపైన లేత గోధుమ రంగుకు మాడిన గీత చెక్క పైపొరతో పాటు ఎండకు వెలిసిపోతుంది. నల్లని బొగ్గు అయ్యేంత లోతుగా కాల్చిన గీత మాత్రమే నిలుస్తుంది.

జవాబు — రంపంపొట్టు

పై ఇద్దరితోనూ చాలావరకు ఏకీభవిస్తూనే మూల విషయంలో విభేదిస్తున్నాను. ఇంత చిన్న పలకకు పొరగా నిలిచే పూత అసలు ఎందుకు? అయిదు కోట్లు వేసి, మధ్యలో నాలుగు సార్లు రుద్ది, రెండు వారాలు ఆరబెట్టిన పలకను మరుసటి ఏడాది ఇంకొక మొక్కకు వాడుకోవాలంటే ఆ అయిదు కోట్లూ గీకవలసి వస్తుంది. పొర పూత చెడితే పాక్షికంగా చెడుతుంది. ఒకచోట ఊడి, ఇంకొకచోట గట్టిగా అంటుకుని, బాగుచేయడానికి కూడా అనుకూలించదు. చెక్కలోకి ఇంకే నూనె అయితే ఊడదు, క్షీణిస్తుంది అంతే. ఏడాదికి ఒకసారి తుడిచి మళ్లీ నూనె పట్టిస్తే సరిపోతుంది, రాత మార్చాలంటే 120 నంబరు కాగితంతో రెండు నిమిషాలు రుద్దితే కొత్త చెక్క బయటపడుతుంది.

నూనెలలో టంగ్ నూనె, అంటే టంగ్ చెట్టు గింజల నుంచి తీసే నూనె, నీటిని బాగా ఆపుతుంది. అవిసె నూనె కూడా గట్టిపడే నూనే, కానీ పచ్చి అవిసె నూనె ఆరడానికి రోజులూ వారాలూ పడుతుంది, తేమ ఉన్న చోట బూజుకు ఆహారంగా మారి చెక్కను నల్లబరుస్తుంది. వాడితే త్వరగా ఆరడానికి పదార్థాలు కలిపిన రకాన్నే వాడాలి, అది కూడా రెండవ ఎంపికగానే. ఆరని వంటనూనెలు అసలు పనికిరావు. నూనెను ధారాళంగా పట్టించి, అరగంట తరువాత పైన మిగిలినదంతా గుడ్డతో పూర్తిగా తుడిచేయాలి. తుడవకుండా వదిలేస్తే పైన జిగటపొర ఏర్పడి దుమ్మంతా అంటుకుంటుంది.

ఒక హెచ్చరికను దయచేసి తేలికగా తీసుకోకండి. అవిసె నూనె, టంగ్ నూనె తుడిచిన గుడ్డలను ఉండలా చుట్టి మూల పడేస్తే, నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసేటప్పుడు పుట్టే వేడి బయటికి పోలేక, ఏ నిప్పూ లేకుండానే గుడ్డ అంటుకుంటుంది. వాటిని ఆరుబయట ఒక్కొక్కటిగా పరిచి గట్టిపడేదాకా ఆరబెట్టాలి, లేదా నీళ్లలో ముంచి ఉంచాలి. నూనె పాలు ఎక్కువున్న వార్నిష్ తుడిచిన గుడ్డలకూ ఇదే వర్తిస్తుంది.

మైనం దారి కూడా ఉంది. పెన్సిల్‌తో రాసిన పలకలను కరిగించిన మైనంలో ముంచి, బుడగలు రావడం తగ్గేదాకా ఉంచితే చెక్కలోని గాలి బయటికి పోయి ఆ స్థానంలోకి మైనం వెళుతుంది. తేనెమైనం 62 నుంచి 65 డిగ్రీల దగ్గర కరుగుతుంది కాబట్టి నేరుగా మంట మీద కాకుండా వేడినీళ్ల గిన్నెలో మరొక గిన్నె పెట్టి కరిగించాలి. మండుటెండలో మైనం కొంత మెత్తబడుతుంది, దుమ్ము పడుతుంది, ఒకసారి మైనం ఎక్కిన చెక్క మీద ఇక ఏ వార్నిషూ అంటదు. ఈ లోపాలు ఒప్పుకునే వారికి ఇంత సులభమైన పని మరొకటి లేదు.

ప్రశ్న అడిగినవారి స్పందన — పెరటిమొక్క

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఇంత లోతుగా జవాబులు వస్తాయని అనుకోలేదు. కొన్ని వివరాలు ముందే చెప్పవలసింది. పోయినసారి వాడినది సామాను ప్యాకింగ్ పెట్టెల నుంచి తీసిన తెల్లని పైన్ చెక్క. ఈసారి దానితో పాటు కొన్ని టేకు ముక్కలు కూడా దొరికాయి. పలకల్లో దాదాపు 20 పండ్ల చెట్లకూ గులాబీలకూ పెట్టేవి, అంటే ఏళ్ల తరబడి పేరు మారనివి. మిగిలిన 40 కూరగాయల మడులకు, వాటి పేర్లు ప్రతి పంటకూ మారుతుంటాయి.

తెలిసినవారు చెప్పిన మరికొన్ని ఉపాయాల గురించి కూడా అడగదలచుకున్నాను. రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే ఎపాక్సీ అనే రెసిన్‌లో ముంచితే నీరు అసలు పోదని ఒకరు, మొనను నిప్పులో కాల్చి నల్లబరిస్తే కుళ్లదని మరొకరు, వాడేసిన ఇంజన్ ఆయిల్ పూయమని ఇంకొకరు చెప్పారు. అక్షరాల మీద మాత్రం రంగులేని గోళ్ల పాలిష్ రాస్తే చాలన్నవారు కూడా ఉన్నారు. వీటిలో ఏవైనా పనికివస్తాయా?

జవాబు — చేవచెక్క

ముందుగా ఇంజన్ ఆయిల్ సంగతి: వద్దు. వాడేసిన ఆయిల్‌లో ఇంజన్ అరుగుదల నుంచి వచ్చిన లోహాలూ, ఆరోగ్యానికి హాని చేసే కర్బన సమ్మేళనాలూ ఉంటాయి. అది ఎన్నటికీ గట్టిపడదు కాబట్టి వాన పడినప్పుడల్లా మట్టిలోకి దిగుతుంది. తినే కూరగాయల మడిలో దానికి చోటు లేదు. ప్యాకింగ్ పెట్టెల చెక్క వాడేటప్పుడు కూడా అది మందు పట్టించిన చెక్క కాదని నిర్ధారించుకోండి. ఆకుపచ్చ ఛాయ ఉన్న పాత చెక్కకు రాగి, క్రోమియం, ఆర్సెనిక్ కలిసిన మందు పట్టించి ఉండే అవకాశం ఉంది; దానిని రంపంతో కోయడం, గరుకు కాగితంతో రుద్దడం కూడా మంచిది కాదు.

గోళ్ల పాలిష్ ప్రధానంగా నైట్రోసెల్యులోజ్ లక్కర్. పెళుసుది, ఎండకు పసుపెక్కి పగులుతుంది. మాటలో మాట, లక్క పాలిష్ గురించి కూడా ఎవరైనా చెబితే వినకండి. ఇంటి లోపల దాని అందం దానిదే, నీరు తగిలితే మాత్రం తెల్లబారుతుంది.

ఎపాక్సీ ప్రశ్న ఆలోచించదగినది. నీటిని ఆపడంలో వార్నిష్ దాని దరిదాపులకు కూడా రాదు. కానీ ఎపాక్సీ ఎండకు ఓర్వలేదు, పసుపెక్కి, పైపొర సుద్దలా పొడిబారుతుంది. అందుకే పడవలు చేసేవారు ఎపాక్సీ వేసిన చోట దాని మీద అతినీలలోహిత రక్షణ ఉన్న వార్నిష్ తప్పకుండా వేస్తారు. మీ శాశ్వతమైన 20 పలకలకు ఓపిక ఉంటే అలా చేయవచ్చు. పలుచని ఎపాక్సీ అడ్డుకోత ముఖాలకు మాత్రం పట్టించి, మొత్తం మీద స్పార్ వార్నిష్ వేయడం మధ్యేమార్గం. ఎపాక్సీ గట్టిపడిన తరువాత కొన్నిసార్లు పైన జిడ్డులాంటి పొర తేలుతుంది. దానిని నీటితో కడిగి, ఆరబెట్టి, రుద్దిన తరువాతే వార్నిష్ వేయాలి, లేకపోతే వార్నిష్ ఆరదు. కలిపేటప్పుడూ రుద్దేటప్పుడూ చేతితొడుగులు తప్పనిసరి.

మొన కాల్చడం చాలా పాత పద్ధతే. బొగ్గును శిలీంధ్రాలు తినలేవన్నది నిజం, కానీ ఆ బొగ్గు పొర సన్నగా ఉండి, పగుళ్లతో నిండి ఉంటుంది. నీరు ఆ పగుళ్ల గుండా కాలని చెక్కను చేరుతుంది. 5 మిల్లీమీటర్ల పలకను పనికివచ్చేంత లోతుగా కాలిస్తే ఇక మిగిలేది ఎంత? బోరాక్స్ నీళ్లలో నానబెట్టమని కూడా కొందరు అంటారు. బోరాన్ లవణాలు శిలీంధ్రాలనూ చెదలనూ ఆపుతాయి, అయితే అవి నీటిలో కరిగేవే కాబట్టి తడి మట్టిలో కొట్టుకుపోతాయి. ఇల్లు దాటని చెక్కకు మంచి మందు, మట్టిలో గుచ్చే చెక్కకు కాదు.

టేకు దొరకడం మీ అదృష్టం, కానీ ముక్కలను పరిశీలించి తీసుకోండి. టేకు అన్న పేరులో మన్నిక లేదు, చేవలో ఉంది. గోధుమ బంగారు రంగులో ఉన్న లోపలి చెక్క ఏళ్ల తరబడి నిలుస్తుంది. అంచున తెల్లగా ఉండే లేత చెక్క పైన్ లాగానే కుళ్లుతుంది. టేకులో సహజంగా ఉండే నూనె వల్ల వార్నిష్ సరిగా అంటదు, ఒక్కోసారి ఆరడం కూడా ఆలస్యమవుతుంది. రుద్దిన వెంటనే అసిటోన్‌తో తడిపిన గుడ్డతో తుడిచి, ఆ తడి ఆరగానే, లోపలి నూనె మళ్లీ పైకి రాకముందే మొదటి కోటు వేసేయండి.

మీరు చెప్పిన లెక్క చూసిన తరువాత రంపంపొట్టు గారి వాదనకు సగం ఒప్పుకోక తప్పదు. పేరు మారే 40 పలకలకు వార్నిష్ వేయడం శ్రమదండగ. పైన్ చెక్క, పెన్సిల్ రాత, నూనె లేదా మైనం చాలు. ఒక పంట కాలం దాటి నిలిస్తే లాభమనుకోండి. శాశ్వతమైన 20 పలకల విషయంలో మాత్రం నా మాట మీదే ఉంటాను: టేకు చేవ, స్పార్ వార్నిష్, మట్టికి తగలని అమరిక.

జవాబు — రంపంపొట్టు

సగమే ఒప్పుకున్నా సంతోషమే. కానీ టేకు చేవే దొరికినప్పుడు దానికి వార్నిష్ దేనికన్నది నా ప్రశ్న. పూత ఏమీ లేకుండా వదిలేస్తే రెండేళ్లకు వెండి బూడిద రంగుకు తిరుగుతుంది తప్ప చెడదు. లోతుగా కాల్చి రాసిన పేరు ఆ బూడిద రంగు మీద ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది.

జవాబు — చేవచెక్క

అది కాదనను. కానీ చెక్క సహజమైన రంగు కనిపించాలని పెరటిమొక్క గారు మొదటి ప్రశ్నలోనే రాశారు. బూడిద రంగు కూడా సహజమేనని వారు ఒప్పుకుంటే నా డబ్బా, కుంచె పక్కన పెట్టేస్తాను.

జవాబు — నారుమడి

మట్టికి తగలని అమరిక అన్న మాట దగ్గర ఒక చిన్న వివరం. పలకను 7 లేక 8 సెంటీమీటర్లకు కుదించి, కింది అంచులో సన్నని రంధ్రం చేసి, 2 లేక 3 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ స్టీల్ తీగను అందులో బిగిస్తే తీగ మట్టిలో ఉంటుంది, పలక నేలకు ఒక జానెడు పైన నిలుస్తుంది. మట్టి చిమ్మినా పలక త్వరగా ఆరుతుంది. మామూలు ఇనుప తీగ వాడకండి. తుప్పు, టేకులో సహజంగా ఉండే టానిన్లు అనే వగరు పదార్థాలు కలిసి రంధ్రం చుట్టూ సిరా ఒలికినట్టు నల్లని మరక చేస్తాయి. రంధ్రాన్ని పూత వేయకముందే చేసి, దాని లోపలి గోడలకు కూడా వార్నిష్ పట్టించాలి. ఈ ఒక్క పని మరిచిపోయి, మిగిలినదంతా శ్రద్ధగా చేసిన నా పలకలు రంధ్రం దగ్గర నుంచే చెడ్డాయి. చెట్ల విషయంలో తీగ కూడా అక్కరలేదు, కొమ్మకు వదులుగా వేలాడదీయవచ్చు. బిగించి కడితే మాత్రం కొమ్మ లావెక్కే కొద్దీ తాడు బెరడులోకి కోసుకుపోతుంది.

పలక పై చివరను అడ్డంగా కాకుండా ఏటవాలుగా కోయండి, నీరు నిలవదు. పలకను పూర్తిగా వెల్లకిలా పెట్టకుండా కొంచెం వాలుగా నిలబెడితే మిట్టమధ్యాహ్నపు ఎండ కూడా నేరుగా పడదు. ఇక మెరుపు గురించి: నిగనిగలాడే పలక ఎండలో అద్దంలా మెరిసి పేరు చదవనివ్వదు. కింది కోట్లన్నీ మెరుపు రకంతో వేసి, ఆఖరి కోటు మాత్రం మెరుపు తక్కువ రకంతో వేస్తే కళ్లకు హాయిగా ఉంటుంది.

జవాబు — చేవచెక్క

నారుమడి గారి చివరి మాటతో కొంత పేచీ ఉంది. మెరుపు తగ్గించడానికి వార్నిష్‌లో సన్నని సిలికా పొడి కలుపుతారు. ఆ ఆఖరి కోటు త్వరగా మసకబారి, మళ్లీ పైకోటు ఎప్పుడు వేయాలో తెలియకుండా చేస్తుంది. మెరుపు రకం అయితే మెరుపు తగ్గడమే సూచన: మెరుపు పోయి, పగుళ్లు ఇంకా మొదలవని సమయంలో తేలికగా రుద్ది ఒక కోటు వేస్తే పని పదిహేను నిమిషాలలో అయిపోతుంది. పగిలిన తరువాత అయితే మొత్తం గీకవలసిందే. చదవడానికి ఇబ్బంది అయితే మాత్రం నారుమడి గారి మాటే వినండి, కాకపోతే నీటి చుక్కతో పరీక్షించుకోండి. చుక్క ముత్యంలా నిలిస్తే పూత బాగున్నట్టు. చుక్క పరుచుకుని దాని కింద చెక్క రంగు ముదిరితే ఆలస్యం చేయకూడదు.

ప్రశ్న అడిగినవారి స్పందన — పెరటిమొక్క

బూడిద రంగు గురించి రాత్రంతా ఆలోచించాను. నాలుగు టేకు పలకలను ఏ పూతా లేకుండా, కాల్చిన అక్షరాలతో వదిలి చూస్తాను. మిగిలిన 16 టేకు పలకలను తీగ మీద నిలిపి స్పార్ వార్నిష్ వేస్తాను, అక్షరాలు మసి సిరాతో. పైన్ పలకలు 40 పెన్సిల్ రాతతో టంగ్ నూనెకు వెళతాయి. ఒక్క ఆచరణ సమస్య మిగిలింది. రెండు ముఖాలకూ ఒకేసారి వార్నిష్ వేస్తే పలకను ఎక్కడ పెట్టి ఆరబెట్టాలి? పోయినసారి కాగితం మీద పరిచాను. కాగితం ముక్కలు అంటుకుపోయాయి.

జవాబు — నారుమడి

తీగ కోసం చేసే రంధ్రమే ఇక్కడ కూడా పనికివస్తుంది. పేపర్ క్లిప్పును విప్పి కొక్కెంలా వంచి రంధ్రంలో తగిలించి, రెండు కుర్చీల మధ్య కట్టిన తాడుకు వరుసగా వేలాడదీయండి. ఒకదానికొకటి తగలకుండా నాలుగు వేళ్ల ఎడం ఉంచండి. అయిదు పది నిమిషాల తరువాత ఒకసారి తిరిగి వచ్చి, ప్రతి పలక కింది అంచున చేరిన చుక్కను కుంచె కొనతో అద్ది తీసేయండి, లేకపోతే అక్కడ లోపల ఆరని ముద్ద మిగిలిపోతుంది. ఫ్యాన్ వేయకండి, దుమ్మంతా పలకల మీదే వాలుతుంది.